ఆరు కవర్ల జుట్టు

ఆ ఆదివారం పొద్దున సోగత్తూరు ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందు చెప్పుకుందాం. నడవలో బెంచీ మీద గోపాలసామి. ధర్మపురి బజారులో ఇత్తడి పాత్రలు అమ్మి, కళాయి వేసే అంగడి ఆయనది. పట్టణంలో సగం వంటిళ్ళు తన దయవల్లే మెరుస్తున్నాయని ఆయన గట్టి నమ్మకం. ఎదురుగా బావమరిది రాజమాణిక్కం, ఇండూరు నుంచి మోపెడ్ మీద, పండ్ల బుట్టతో, తెల్లపంచె నలగకుండా వచ్చిన పెద్దమనిషి. తలుపు వారగా గోపాలసామి భార్య సౌభాగ్యం, తమ్ముడు వచ్చాడన్న సంబరంలో పెద్ద కొప్పుకు ఒక మూర ఎక్కువే కనకాంబరాలు చుట్టుకుని. గోడకు ఆనుకుని కొడుకు ఆదిమూలం. వాడి పేరు చెప్పడం మర్యాద కోసమే, వాడు ఉన్నా లేనట్టే. వంటింట్లో కోడలు ధనం. పెరట్లో గిన్నెలు తోముతూ పనిమనిషి మూకాయి. ఆమెను మనుషుల లెక్కలో ఆ ఇల్లు ఏనాడూ చేర్చలేదు. అందరికంటే చివర, నడవకూ వంటింటికీ మధ్య, ఎటూ పోలేక నిలబడిన పంచవర్ణం. గోపాలసామి కూతురు, పదహారేళ్ళది. చేతిలో రెండు కాగితాలు.

ఆ కాగితాల కథ ఏడు నెలల కిందటిది. మనుషుల ఒంట్లో పిసరంత పిసరంతగా చేరే లోహాల మీద పరిశోధన చేసే డాక్టర్ వళ్ళి సోగత్తూరు బడికి వచ్చి, మెడ వెనక, తలకు ఆనించి కత్తిరించిన జుట్టు ఇంటికొక్కరి దగ్గర కాదు, ఇంట్లో అందరి దగ్గరా కావాలని అడిగింది. పంచవర్ణం సిగ్గుపడుతూనే ఆమెను ఇంటికి పిలుచుకొచ్చింది. ఆరు కవర్లు తయారయ్యాయి. కవరు మీద నంబరు తప్ప పేరు లేదు. ఏ నంబరు ఎవరిదో ఒక విడి కాగితం మీద రాసి, ఎదురుగా సంతకమో వేలిముద్రో వేయించి, ఆ పేర్ల కాగితాన్ని డాక్టరమ్మ పంచవర్ణం దగ్గరే ఉంచింది. అందరి జుట్టూ ఆమే కత్తిరించింది, ఒక్క సౌభాగ్యానిది తప్ప. పరాయివాళ్ళు తల ముట్టుకుంటే చేతబడి చేస్తారని గొణుక్కుంటూ సౌభాగ్యం గదిలోకి పోయి, తానే కత్తిరించుకున్నానని చెప్పి తెచ్చి ఇచ్చింది. పోతూ పోతూ డాక్టరమ్మ చారు కాచే ఇత్తడి తవల లోపలి కళాయి పూతను కొంచెం గోకి, ఆ పొడి కూడా తీసుకుపోయింది.

ఈలోగా ధనానికి రెండోసారి కడుపు నిలవలేదు. పోయిన వారం రాజమాణిక్కం తన కూతురు చిన్నపొన్నును ఆదిమూలానికి రెండో భార్యగా ఇస్తానని మాట కలిపాడు. ధనాన్ని ఈరోజు పన్నెండు గంటల బస్సులో పిక్కిలికి, పుట్టింటికి, పంపేయాలని తీర్మానం అయిపోయింది. ట్రంకుపెట్టె సర్ది గుమ్మం పక్కన పెట్టారు. నిన్న సాయంత్రం పోస్టులో డాక్టరమ్మ జవాబు వచ్చింది.

ఇప్పుడు గంట పది దాటింది.

"నాయనా," అంది పంచవర్ణం.

ఎవరూ తల తిప్పలేదు. ఆ ఇంట్లో ఆమె గొంతు పిల్లి నడక లాంటిది. వినిపించినా ఎవరూ పట్టించుకోరు.

"నాయనా, వదినది తప్పు లేదు. కాగితం వచ్చింది."

రాజమాణిక్కం ముందు నవ్వాడు. "ఏం పాపా, జుట్టు జవాబు వచ్చిందా? పేన్లు ఎన్ని ఉన్నాయన్నారు?"

గోపాలసామి కూడా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి ఆదిమూలం నవ్వాడు.

 గుమ్మం పక్కన ట్రంకుపెట్టె పంచవర్ణానికి కనబడుతోంది. దాని మీద మడిచి పెట్టిన ధనం దుప్పటి కనబడుతోంది. అది చూసి చదవడం మొదలుపెట్టింది. చదవడం అంటే చదవలేదు, రాత్రంతా బట్టీ పట్టినట్టు అయిపోయింది కాబట్టి చెప్పుకుపోయింది. జుట్టును ఆమ్లంలో కరిగించారు. ఆ నీళ్ళను మంచులాగా చిమ్మి, సూర్యుడంత వేడి ఉండే మంటలోకి పంపారు. అందులో ప్రతిదీ అణువు అణువుగా విడిపోతుంది. ఆ అణువులను ఒక మిషను బరువును బట్టి వేరు చేసి, ఏ బరువువి ఎన్ని ఉన్నాయో లెక్క పెడుతుంది. ఆ మిషను ఇంగ్లండులో ఉంది. అందుకే ఏడు నెలలు పట్టింది.

"అణువును తూకం వేస్తారా?" అన్నాడు గోపాలసామి. "నేను ముప్పై ఏండ్లుగా ఇత్తడి తూకం వేస్తా ఉన్నాను. తూకం సంగతి నాకు చెప్పొద్దు."

"చెప్పనీ బావా," అన్నాడు రాజమాణిక్కం. "బస్సుకు ఇంకా టైం ఉంది. సుమ్మా ఊరికే కూర్చోనుండే బదులు పాప కథ చెప్తుంది, విందాం."

"గ్రాము జుట్టులో సీసం పది మైక్రోగ్రాముల లోపల ఉంటే భయం లేదు," అంది పంచవర్ణం. "నాయనది ఆరు. అన్నది ఏడు. నాది ఇరవై ఒకటి. వదినది యాభై ఎనిమిది. మూకాయిది అరవై మూడు."

పెరట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"ఇది మనం తినే వరస నాయనా. తొమ్మిదింటికి చారు దించగానే నీకు వేస్తారు, అన్నకు వేస్తారు. నేను బడికి పట్టుకుపోతాను. వదిన మూడు గంటలకు కూర్చుంటుంది. అప్పటిదాకా ఆ చింతపండు చారు తవలలోనే ఉంటుంది. అడుగున మిగిలింది మరునాడు మూకాయి ఎత్తుకుపోతుంది. ఎంత ఆలస్యంగా తింటే అంత సీసం. కళాయిలోనుంచి పులుపుకు కరిగి చారులోకి దిగుతుందంట. కడుపులో బిడ్డ నిలవకపోవడానికి అది చాలంట. డాక్టరమ్మ రాసింది."

నడవలో నవ్వులు ఆగాయి. అది చూసి పంచవర్ణానికి, పాపం, వీళ్ళకు అర్థమయిందేమో అనిపించింది. ఈ మనుషుల గురించి ఆమె ఇంకా అంత మంచిగా అనుకుంటోంది.

రాజమాణిక్కం గొంతు సవరించుకున్నాడు. ఆయన టీకొట్టులో రెండు పత్రికలు చదివే మనిషి. ఇండూరులో ఎవరికి ఏ రోగం వచ్చినా పేరు ఆయనే పెడతాడు. "సీసం పెట్రోల్లో ఉంటుంది పాపా. పేపర్లో వచ్చింది. మీ సోగత్తూరు ముందర బస్సులు పోతానే ఉంటాయి. మీ వదిన ఆ పొగ పీల్చి ఉంటుంది. దానికి మీ నాయన తవల ఏం చేస్తుంది?"

"ఆ పొగ నాయన కూడా పీలుస్తాడు కదా మామా. అంగడి బస్‌స్టాండు పక్కనే."

"ఎదురు మాట!"

"కాదు మామా. సీసంలో నాలుగు బరువుల అణువులు ఉంటాయి. ఒక్కో గనిలో తవ్విన సీసంలో ఆ నాలుగింటి పాళ్ళు ఒక్కో మాదిరి. పెట్రోలు సీసం పాళ్ళు వేరే. వదిన జుట్టులోదీ, మన తవల కళాయిలోదీ ఒకటే పాళ్ళు. ఆ మిషను అది కూడా చూసి చెప్పింది."

రాజమాణిక్కం పత్రికలో ఆ ముక్క రాలేదు. ఆయన పంచె మడత సరిచేసుకున్నాడు.

అప్పుడు సౌభాగ్యం తలుపు వార నుంచి ముందుకు వచ్చింది. "అందరిదీ చెప్పినావు. నాది ఎంత?"

 ఈ ప్రశ్న వస్తుందని పంచవర్ణానికి నిన్న సాయంత్రమే తెలుసు.

"చెప్పవే. ఆ దొరల మిషను నాకు ఎంత అనింది?"

"నాలుగు."

సౌభాగ్యం రెండు చేతులూ నడుముకు పెట్టుకుని తమ్ముడి వైపు చూసింది, భర్త వైపు చూసింది, చివరకు వంటింటి వైపు తిరిగి, లోపలిదానికి వినబడాలని గొంతు పెంచింది. "విన్నారా! ఇరవై ఆరేండ్లుగా ఆ తవలలోదే నేనూ తిన్నాను. కోడలు కూర్చునే వేళకే, దాని పక్కనే కూర్చుని తింటాను. నాకు నాలుగు! అందరికంటే తక్కువ! తవలలో విషం ఉంటే నాకు ఎక్కకుండా దానికే ఎక్కిందా? ఒళ్ళే చెడ్డదయితే పాత్ర ఏం చేస్తుంది? పిక్కిలి రాళ్ళల్లో పుట్టిన ఒళ్ళు అది. దేన్నీ నిలుపుకోదు."

"అదీ మాట!" అన్నాడు రాజమాణిక్కం. "మా అక్క ఒక్క మాటతో ఇంగ్లండు మిషను నోరు మూయించింది."

"బుద్ధి ఉంటే అర్థమవుతుంది," అన్నాడు గోపాలసామి కూతురి వైపు చూడకుండానే. "ఆడపిల్ల నాలుగు అక్షరాలు చదివితే ఇంటి గిన్నెల్లో విషం వెతుకుతుంది. పో, పోయి మీ వదినకు చెప్పు, చీర మార్చుకోమని."

 రెండేళ్ళుగా ఏమీ అనకపోవడమే వంటింట్లో ఉన్న ధనం కాపురం. గాజుల చప్పుడు మాత్రం వచ్చింది, చీర మార్చుకోవడానికి లేచినట్టుగా.

ఆ చప్పుడు పంచవర్ణాన్ని తోసింది.

"అది నీ జుట్టు కాదమ్మా."

"ఏందీ?"

"కవరులో పెట్టింది నీ జుట్టు కాదు. సవరం జుట్టు."  "ఆ రోజు నువ్వు గదిలోనుంచి వచ్చినాక నేను లోపలికి పోయినాను. మేకుకు సవరం వేలాడుతా ఉండింది. దాని కొస ఏటవాలుగా కత్తిరించి ఉండింది. నేను చూసినాను. డాక్టరమ్మతో చెప్పడానికి నాకు సిగ్గేసింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది."

సౌభాగ్యం చెయ్యి దానంతట అదే కొప్పు మీదికి పోయింది. ఇక కాదని ఎన్ని మాటలు చెప్పినా ఎవరూ నమ్మరు, ఆ చెయ్యే చెప్పేసింది.

రాజమాణిక్కం ముందు ఉగ్గబట్టుకున్నాడు, తర్వాత పగలబడి నవ్వాడు. "అక్కా! ఇంత కొప్పూ సంతలో కొన్నదా? మా ఊళ్ళో అంతా మా అక్క జుట్టు చూడండి అని నేను ఎంత గొప్పలు పోయినాను!" ఒక్క క్షణం ముందు ఆమెను మెచ్చుకున్న నోరు అదే.

"తిరుపత్తూరు సంతలో కొన్నది," అంది పంచవర్ణం. ఆమె నవ్వలేదు. "ఏ కొండ మీద ఎవరు మొక్కు తీర్చుకుని ఇచ్చిన జుట్టో. ఆ నాలుగు ఆ మనిషిది. నీ అసలు జుట్టు పంపి ఉంటే నీ అంకె కూడా వదిన అంకె పక్కనే ఉండేదమ్మా. నీకు కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తుంది కదా. నెల నెలా కషాయం తాగుతావు కదా. అన్నకూ నాకూ మధ్యలో మూడు కడుపులు పోయినాయని నువ్వే కదా చెప్పినావు. మీ అత్త నీ ఒళ్ళు చెడ్డదని తిట్టిందని కూడా నువ్వే చెప్పినావు."

  సౌభాగ్యం మెల్లగా గోడ పట్టుకుని కింద కూర్చుంది. వేళ్ళ మీద ఏదో లెక్క పెట్టుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. ఆ మూడు ఏ ఏ ఏండ్లవో ఆమెకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

రాజమాణిక్కం నవ్వు కూడా ఆగింది. ఆయనకు వేరే అనుమానం వచ్చింది. "అది ఉండనీ బావా. కళాయిలో సీసం ఏమిటికి వచ్చింది? కళాయికి వేసేది తగరం కదా?"

"నాకేం తెలుసు?" అన్నాడు గోపాలసామి. "సేలం నుంచి తెచ్చే సరుకు. అమ్మినవాడు కలిపి ఉంటాడు. నేను నమ్మి మోసపోయినాను. ఈ కాలంలో నాయం ఎక్కడుంది?"

పంచవర్ణం కాగితం చూసింది. "కళాయిలో మూడో వంతు సీసం అని రాసినారు."

"మూడో వంతా?" గోపాలసామి బెంచీ మీద నుంచి లేచాడు. ముప్పై ఏండ్ల తూకం పౌరుషం ఆయన మొహంలోకి పొంగింది. "ఎవడు చెప్పినాడు మూడో వంతని? తూకం తెలియని నా కొడుకులు! నేను ఏనాడూ నాలుగో వంతు మించి వేయలేదు!"

అన్నాక ఆయనకు తెలిసింది తానేమన్నాడో. కానీ గోపాలసామి లాంటి వాళ్ళు తప్పు చెప్పినందుకు సిగ్గుపడరు, విన్నవాళ్ళ మీద కోపగించుకుంటారు.

"ఏమట్లా చూస్తారు? అందరూ వేసేదే. తగరం ధర ఎంతో మీకు తెలుసా?"

"మా ఇంటి పాత్రలకు కూడా నువ్వే కదా బావా కళాయి వేసి పంపినావు?" అన్నాడు రాజమాణిక్కం. ఆయన గొంతులో మొదటిసారి నిజమైన భయం వినిపించింది. "మా చిన్నపొన్ను ఆ గిన్నెల్లోనే తింటుంది."

"ఛీ, నీకు అట్లా చేస్తానా? మీ ఇంటికి అసలు తగరమే. చుట్టాల పాత్ర నల్లబడితే నా పేరు పోదా?"

"మరి ఈ ఇంటికి?"

"ఇంట్లో ఆడవాళ్ళు తినే తవలను ఎవరు చూడొచ్చినారు?"

దానికి సౌభాగ్యం తల ఎత్తి భర్తను చూసింది. ఆయన గమనించలేదు. గమనించే అలవాటు ఆయనకు లేదు.

రాజమాణిక్కం హాయిగా ఊపిరి వదిలాడు. పెద్దమనిషితనం మళ్ళీ ఆయన మొహంలోకి వచ్చి కూర్చుంది. "అట్లయితే సరి. నేను భయపడిపోయినాను. దీనికి ఇంత రచ్చ ఏమిటికి బావా? చిన్నపొన్ను వచ్చేటప్పుడు స్టీలు గిన్నెలు తెచ్చుకుంటుంది. ఆమె వాటిలో వండుకుంటుంది. ధనం బస్సుకు పొద్దవుతా ఉంది."

పంచవర్ణం ఆయనను చూసింది. చిన్నప్పుడు ఈ మామ మోపెడ్ మీద ముందు కూర్చోబెట్టుకుని తిప్పితే ఎంత గొప్పగా ఉండేదో గుర్తొచ్చింది. పురుగు చెయ్యి మీద పాకినట్టయింది.

"నాయనా," అంది, "డాక్టరమ్మ ఒకటి అడిగింది. నువ్వు ఒప్పుకుంటే పట్టణంలో నీ దగ్గర కళాయి వేయించుకున్న ఇండ్లన్నిట్లో చూస్తారంట. ఆరోగ్య శాఖకు చెప్తారంట. ఏ నంబరు ఎవరిదో వాళ్ళ దగ్గర లేదు. పేర్లూ వేలిముద్రలూ ఉన్న కాగితం ఇదొక్కటే. ఇది లేకపోతే ఆ అంకెలు ఎవరివైనా కావచ్చు. జాగ్రత్తగా పెట్టుకోమని రాసింది."

ఎంత చదివినా పదహారేళ్ళది పదహారేళ్ళదే. ఆ మాట ఎవరి ముందు చెప్పకూడదో వాళ్ళ ముందే చెప్పింది.

గోపాలసామి చెయ్యి చాపాడు. "ఇట్లా ఇయ్యి."

పంచవర్ణం రెండు కాగితాలూ గబగబా మడిచి జాకెట్టులో దోపుకుంది.

"ఇయ్యవే!"

"వదిన బస్సు ఎక్కదంటే ఇస్తాను."

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని నమ్మలేక ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. గోపాలసామి భార్య వైపు తిరిగాడు. ఎదిగిన కూతురి జాకెట్టులోది తండ్రి లాక్కోలేడు. "సౌభాగ్యం, లే. తీసుకో దాని దగ్గర."

సౌభాగ్యం లేవలేదు. ఇరవై ఆరేండ్లలో భర్త పిలిస్తే లేవకపోవడం అదే మొదలు. ఆమె పెదవులు ఇంకా ఆ లెక్కలోనే ఉన్నాయి.

 వ్యాపారం గోపాలసామి ఎముకల్లో ఉంది. ఒక అంగట్లో సరుకు దొరకకపోతే పక్క అంగడికి పోతాడు.

"ధనం," అని పిలిచాడు. ఆ ఇంట్లో ఆయన కోడలిని పేరు పెట్టి పిలవడం అంతకు ముందు ఎవరూ వినలేదు. "విన్నావు కదా అంతా. ఆ కాగితాలు తెచ్చి నా గదిలో నా చేతికి ఇయ్యి. ఈ ఇంట్లో ఇంక రెండో పెండ్లి పేచ్చు, ఆ మాటే, ఉండదు. నీ పెట్టె నువ్వు లోపలికి తీసుకుపోవచ్చు."

"బావా! నాకు మాట ఇచ్చినావు!" అన్నాడు రాజమాణిక్కం.

"ఇచ్చినాను. వెనక్కి తీసుకుంటా ఉన్నాను. నీ పండ్లు కూడా తీసుకుపో."

ఆయన గదిలోకి పోయాడు. రాజమాణిక్కం బావ కోసం, అక్క కోసం, చివరకు ఆదిమూలం కోసం చూశాడు. ఆదిమూలం గోడ సున్నం గోళ్ళతో గీకుతున్నాడు.

ధనం వంటింటి గుమ్మంలో నిలబడింది. "పంచవర్ణం, ఇట్లా రా."

పంచవర్ణం పరుగున పోయింది. పొయ్యి పక్కన ఆ తవల ఉంది, లోపల పొద్దుటి చారు మీద నూనె తేలుతూ. ధనం గొంతు తగ్గించింది. "నా నంబరు ఏదో చూపించు. నేనూ చూస్తాను."

ఆ ఇంట్లో తనను ఏదైనా చూపించమని అడిగిన మొదటి మనిషి. పంచవర్ణం కాగితాలు తీసి ఇచ్చింది. "ఇదే వదినా. అయిదో నంబరు. ఇది నీ వేలిముద్ర."

ధనం ఆ నీలం మరకను చాలాసేపు చూసింది. చదువు రాని కళ్ళు కాగితం అంతా తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాయి. "అయితే తప్పు నాది కాదు," అంది. "నా ఒళ్ళు కాదు."

"కాదు వదినా. నేను చెప్తానే ఉన్నాను కదా."

"నువ్వు చెప్తే నాకు తెలిసింది. అది చాలు." ధనం కాగితాలను రెండుగా, నాలుగుగా మడిచింది.  "నాకు ఇప్పుడు రెండో నెల పంచవర్ణం. ఎవరితోనూ చెప్పలేదు. ఇంక ఆ తవల ముట్టను. మట్టికుండలో కాచుకుంటాను."

పంచవర్ణానికి ముందు సంతోషం వచ్చింది. ఆ వెనకే అర్థమయింది. "వదినా, కాగితం ఇటివ్వు. ఇది నాయనకు ఇస్తే కాల్చేస్తాడు. పట్టణంలో ఎందరు నీ మాదిరి..."

"నేను ఆ పెట్టె మీద కూర్చుని ఏడ్చినప్పుడు ఆ పట్టణం ఎవరిని పంపింది?"

"మూకాయి ఉంది. మూకాయికి అరవై మూడు!"

పెరటి గుమ్మంలో, బూడిద చేతులతో నిలబడి అంతా వింటున్న మూకాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ధనం ఆమె వైపు చూడలేదు. చూడకుండా ఎట్లా నడవాలో ఆ రెండేళ్ళలో ఆ ఇల్లే నేర్పింది.

"నీకు చదువు ఉంది, పుట్టిల్లు ఉంది. నువ్వు నాయం గురించి ఆలోచించుకోవచ్చు," అంది ధనం. "నాకు ఇల్లు కావాలి."

నడవ దాటింది. కూర్చున్న అత్తను దాటింది, మొగుడిని దాటింది. పంచవర్ణం వెంటపడి పైట కొస పట్టుకుంది. ధనం మెల్లగా, చంటిపిల్ల వేళ్ళు విడదీసినట్టు, ఒక్కొక్క వేలూ విడదీసింది. మడిచిన కాగితాలు గుప్పిట్లో పట్టుకుని గోపాలసామి గదిలోకి అడుగు పెట్టి, ఇటు తిరిగి, పంచవర్ణం మొహంలోకి సూటిగా చూస్తూ, తన చేత్తోనే తలుపు మూసి గడియ పెట్టింది.